బందీగా పెరిగిన యువరాజు



కొరియా సీరియళ్లు ఇప్పుడు మన ఇళ్లలో మామూలైపోయాయి. పట్టుబట్టలు, నల్లని ఎత్తు టోపీలు, పెంకుల కప్పుల కింద మంతనాలాడే మంత్రులు, పంతాలు పట్టే రాణులు, ఇవన్నీ మన పిల్లలకు కంఠతా వచ్చు. ఆ కథల్లో చాలావాటిలో కనిపించేది చొసొన్ రాజవంశం. 1392లో మొదలై అయిదు వందల ఏళ్లకు పైగా ఏలింది. అది వెలిగిన రోజుల గురించి సీరియళ్లు చాలానే ఉన్నాయి, ఎలా ముగిసిందో చెప్పేవాళ్లు తక్కువ. ఈ రోజు ఆ వంశపు చివరి యువరాజు యీ ఉన్ గురించి, ఆయన అమ్మానాన్నల గురించి, భార్యాబిడ్డల గురించి చెబుతాను.

ముందు తల్లి సంగతి చెప్పాలి. ఓమ్ అనే ఆమె అంతఃపురంలో పరిచారిక. రాజు గోజోంగ్ ఆమెను ఇష్టపడుతున్నాడని తెలిసి పట్టపురాణి మిన్ కోట నుంచి వెళ్లగొట్టించింది. పదేళ్లు గడిచాయి. 1895 అక్టోబరు 8 తెల్లవారుజామున జపాను మనుషులు కోటలోకి చొరబడి ఆ పట్టపురాణిని నరికి చంపారు. శవాన్ని కాల్చేశారు. గోజోంగ్ తన కోటలోనే ఖైదీలా బతకాల్సి వచ్చింది. అప్పుడు ఓమ్‌ను మళ్లీ పిలిపించుకున్నాడు. నాలుగు నెలలకు, 1896 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున, రాజూ ఆయన కొడుకు సున్‌జోంగూ ఆడవాళ్ల పల్లకీల్లో దాక్కుని కావలివాళ్ల కళ్లుగప్పి రష్యా రాయబార కార్యాలయానికి చేరుకున్నారు. ఆ ఉపాయం వెనక ఉన్నది ఓమ్. పరిచారికల పల్లకీలు రోజూ వచ్చిపోతుంటే కావలివాళ్లు తెర ఎత్తి చూడటం మానేస్తారని ఆమెకు తెలుసు.

మరుసటి ఏడు రాజు తిరిగి కోటకు వచ్చాడు. 1897 అక్టోబరు 12న కొరియాను సామ్రాజ్యంగా ప్రకటించి చక్రవర్తి అయ్యాడు. సరిగ్గా ఎనిమిది రోజులకు, అక్టోబరు 20న, ఓమ్‌కు మగబిడ్డ పుట్టాడు. అతనే యీ ఉన్. అప్పటికి తల్లికి నలభై దాటాయి. ఆ తర్వాత ఆమె రాణి హోదాకు ఎదిగింది. ఆడపిల్లలకు బడులు పెట్టించింది. సియోల్‌లో ఇప్పుడున్న సూక్‌మ్యోంగ్ మహిళా విశ్వవిద్యాలయం 1906లో ఆమె పూనికతో మొదలైన బడి నుంచి పెరిగిందే.

ఇక 1907. అప్పటికి జపాను రష్యాను యుద్ధంలో ఓడించింది. కొరియాను తన రక్షణ కిందికి తెచ్చుకున్నానని ప్రకటించుకుంది. గోజోంగ్ గుట్టుగా ముగ్గురు దూతలను హేగ్‌లో జరుగుతున్న శాంతి మహాసభకు పంపాడు. వాళ్లను లోపలికే రానివ్వలేదు. సంగతి బయటపడగానే జపాను ఆయన్ని గద్దె దింపింది. కొడుకు సున్‌జోంగ్ చక్రవర్తి అయ్యాడు. ఆయనకు పిల్లలు లేరు. కాబట్టి తమ్ముళ్లలో ఒకరిని యువరాజుగా ప్రకటించాలి. యీ ఉన్ కంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన యీ కాంగ్ ఉన్నాడు. ఆయన్ని దాటేసి పదేళ్లైనా నిండని యీ ఉన్‌ను ఎంచుకున్నారు. ఓమ్ రాణి పట్టుదల ఒక కారణమంటారు. చిన్నవాడైతే తమకు కావలసినట్టు మలచుకోవచ్చని జపాను పెద్దలు అనుకోవడం ఇంకో కారణం. ఆ రెండోదే అసలు కారణమని తర్వాత జరిగినదాన్ని చూస్తే తెలుస్తుంది.

ఆ డిసెంబరులోనే యువరాజును చదువుల పేరుతో టోక్యో తీసుకుపోయారు. తీసుకుపోయినవాడు ఇతో హిరోబుమి, కొరియా మీద జపాను పెట్టిన రెసిడెంట్ జనరల్. వాళ్లిద్దరూ కలిసి ఉన్న ఫొటో ఒకటి చాలా ప్రసిద్ధం. తెల్లగడ్డం ముసలాయన పక్కన జపాను సంప్రదాయ దుస్తుల్లో పిల్లవాడు. చూసినవాళ్లు తాతా మనవడూ అనుకోవాలని తీయించిన ఫొటో అది.

మన ప్రాంతపు పెద్దవాళ్లకు ఇలాంటిది కొత్త కాదు. జమీందారు పోయి వారసుడు మైనరైతే, బ్రిటిషువాళ్ల కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ఎస్టేటును తన చేతిలోకి తీసుకుని, పిల్లవాణ్ణి మద్రాసులో న్యూయింగ్టన్ బంగళాలో దొరల పెంపకంలో ఉంచేది. పంజాబు దిలీప్‌సింగ్‌కు పదేళ్ల వయసులో రాజ్యం పోయింది. ఆ తర్వాత ఇంగ్లండుకే పంపేశారు. ఎవరి నేలను మింగదలచుకున్నారో వాళ్ల బిడ్డను ముందు దగ్గరికి తీయడం సామ్రాజ్యాలన్నిటికీ తెలిసిన పనే.

1909 అక్టోబరులో హార్బిన్ రైల్వేస్టేషన్లో ఆన్ జుంగ్‌గున్ అనే కొరియా దేశభక్తుడు ఇతోను కాల్చి చంపాడు. 1910 ఆగస్టులో జపాను కొరియాను పూర్తిగా కలిపేసుకుంది. పన్నెండేళ్ల యీ ఉన్ పరాయిదేశపు బడిలో చదువుకుంటూ ఉండగానే, తాను ఏలవలసిన దేశం పటంలో లేకుండా పోయింది. మరుసటి ఏడు జులైలో ఓమ్ రాణి టైఫాయిడ్‌తో చనిపోయింది. కొడుకును సెలవులకు పంపిస్తామని చెబుతూ వచ్చారు కానీ నాలుగేళ్లలో ఒక్కసారీ పంపలేదు. యీ ఉన్ మొదటిసారి ఇంటికి వచ్చింది తల్లి అంత్యక్రియలకే.

తర్వాత సైనిక పాఠశాల. 1917లో జపాను సైనిక అకాడమీ నుంచి పట్టా పుచ్చుకున్నాడు. ఈలోగా అతని పెళ్లి కూడా టోక్యోలోనే ఖాయమైంది.

నిజానికి కొరియాలో అతనికి అప్పటికే ఒక అమ్మాయిని చూసి ఉంచారు. ఆమె పేరు మిన్ గాప్‌వాన్. రాచకుటుంబపు ఆఖరి ఎంపికలో నెగ్గిన అమ్మాయి మరొకరిని చేసుకోకూడదని అక్కడి ఆచారం. పదేళ్లు ఆమె ఎదురుచూసింది. చివరికి నిశ్చయ తాంబూలాలప్పుడు ఇచ్చిన వస్తువులన్నీ వెనక్కి పుచ్చుకుని సంబంధం లేదని తేల్చేశారు. ఆమె షాంఘై వెళ్లిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక తిరిగి వచ్చి 1968లో బూసాన్‌లో కన్నుమూసింది. చివరిదాకా పెళ్లి చేసుకోలేదు. యువరాజు కథ చెప్పేటప్పుడు ఈమె పేరు వదిలేస్తారు చాలామంది. నాకు వదిలేయ బుద్ధికాలేదు. ఆ పెళ్లి నిర్ణయంలో ఎవరూ అడగని మనిషి యువరాజొక్కడే అయితే కదా.

అడగని మనిషి మరొకరు కూడా ఉన్నారు. ఆమె పెళ్లికూతురు. నషిమోతో మసాకో, జపాను చక్రవర్తి వంశానికి చెందిన అమ్మాయి. ఒకప్పుడు జపాను యువరాజు హిరోహితోకు ఇవ్వదగిన సంబంధాల్లో ఆమె పేరూ వినపడింది. 1916 వేసవి. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు కూడా నిండలేదు. ఓయిసో అనే సముద్రతీరపు ఊళ్లో వేసవి విడిదిలో ఉంది. పొద్దున్నే పేపరు తెరిచింది. అందులో తన ఫొటో, పక్కన కొరియా యువరాజు ఫొటో, ఇద్దరికీ పెళ్లి కుదిరిందన్న వార్త. అమ్మానాన్నలు అప్పటిదాకా ఆమెకు ఒక్క మాట కూడా చెప్పలేదు. తన పెళ్లి కబురు తాను పేపర్లో చదువుకుంది. ఇది ఆమె స్వయంగా తన జ్ఞాపకాల్లో చెప్పుకున్న విషయం.

పెళ్లి 1919 జనవరి 25కు నిశ్చయించారు. నాలుగు రోజుల ముందు, జనవరి 21న, గోజోంగ్ హఠాత్తుగా చనిపోయాడు. విషం పెట్టారని దేశమంతా గుప్పుమంది. అంత్యక్రియల కోసం జనం సియోల్ చేరిన ఆ రోజుల్లోనే, మార్చి 1న, కొరియా స్వాతంత్ర్యోద్యమం భగ్గుమంది. కొడుకు పెళ్లి చూడకుండా పోయిన తండ్రి అంత్యక్రియలు ఒక జాతిని వీధుల్లోకి తెచ్చాయి. ఆ కొడుకు మాత్రం ఏడాది మైల పాటించి, 1920 ఏప్రిల్ 28న టోక్యోలో జపాను అమ్మాయిని పెళ్లాడాడు. ఆ పెళ్లి మీద బాంబు వేయాలని సిద్ధమైన ఒక కొరియా యువకుడు ముందే పట్టుబడ్డాడు. కొరియన్లకు ఆ పెళ్లి మీద ఎంత కోపముందో దీన్నిబట్టి ఊహించుకోండి.

రాజకీయం కోసం ముడిపెట్టిన ఆ ఇద్దరి మధ్య ప్రేమ ఎలా పుట్టిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పుట్టిందన్నది మాత్రం నిజం. యాభై ఏళ్లు కలిసి బతికారు. 1921 ఆగస్టులో కొడుకు పుట్టాడు. పేరు జిన్. 1922 ఏప్రిల్లో, ఎనిమిది నెలల పసివాణ్ణి ఎత్తుకుని ఇద్దరూ సియోల్ వచ్చారు. వంశాచారం ప్రకారం పెద్దలకు మొక్కాలి, కోడలిని పూర్వీకుల ఆలయంలో చూపించాలి. మసాకో ఆ రోజు కొరియా రాణివాసపు దుస్తులు ధరించింది. ముదురు నీలం పట్టు మీద నెమలి జాతికి చెందిన పక్షులు జంటలు జంటలుగా, తొమ్మిది వరసల్లో నేసి ఉన్న పెద్ద అంగీ. జపానులో పుట్టి పెరిగిన ఇరవై ఏళ్ల అమ్మాయి ఆ బరువైన దుస్తుల్లో అత్తవారి పద్ధతి ప్రకారం మొక్కులన్నీ తీర్చింది. వేడుకలన్నీ అయ్యాయి. ఇక తిరుగు ప్రయాణమే. సరిగ్గా అప్పుడే పసివాడికి జబ్బు చేసింది. మే 11న, దొక్సు రాజభవనంలో ప్రాణం పోయింది. అజీర్ణమన్నారు వైద్యులు. విషమన్నారు జనం. కొరియా వాళ్లు జపాను మీద, జపాను వాళ్లు కొరియా మీద అనుమానపడ్డారు. రెండు దేశాల నెత్తురూ కలిసిన బిడ్డను ఎవరో ఓర్వలేకపోయారన్న బాధ మసాకోను వదల్లేదు. బిడ్డను సియోల్ మట్టిలో పూడ్చిపెట్టి ఒట్టిచేతులతో టోక్యో చేరారు. మరో కొడుకు కోసం తొమ్మిదేళ్లు ఆగాల్సి వచ్చింది. 1931 డిసెంబరు 29న పుట్టిన ఆ రెండో కొడుకు పేరు గు.

ఆ మధ్యకాలంలో ఇంటికి మరో దుఃఖం చేరింది. యీ ఉన్ చెల్లెలు, గోజోంగ్ ముసలితనంలో పుట్టిన గారాల కూతురు దొక్‌హ్యే. 1912లో పుట్టింది. ఆమెనూ పదమూడేళ్లైనా నిండకుండానే చదువుకని టోక్యో తెచ్చారు. 1929లో తల్లి చనిపోయాక అమ్మాయి మనసు చెదిరింది. వదిన మసాకో దగ్గరుండి చూసుకుంది. 1931లో ఆమెకు సుషిమా దీవి సంస్థానపు వారసుడితో పెళ్లి చేసేశారు. ఒక కూతురు పుట్టింది. జబ్బు ముదిరి ఆమె ఏళ్లకేళ్లు మానసిక చికిత్సాలయంలో ఉండిపోయింది. 1955లో విడాకులయ్యాయి, మరుసటి ఏడు కూతురు కనపడకుండా పోయింది.

యీ ఉన్ జపాను సైన్యంలో ఎదుగుతూనే ఉన్నాడు. 1940లో లెఫ్టినెంట్ జనరల్ అయ్యాడు. ఇది కొరియన్లు మరచిపోలేని విషయం, మనమూ దాటేయకూడదు. తన జాతి పిల్లలను సైనికులుగా, కూలీలుగా ఈడ్చుకుపోయిన సైన్యపు యూనిఫారమే ఆయన వేసుకున్నాడు. అన్న యీ కాంగ్ 1919లో షాంఘై పారిపోయి స్వాతంత్ర్యోద్యమంలో చేరబోయి మంచూరియా సరిహద్దులో పట్టుబడ్డాడు. అంటే, ఆ ఇంట్లో తెగించినవాడు ఒకడున్నాడన్నమాట. యీ కాంగ్ కొడుకు యీ వూ కూడా జపాను సైన్యంలో అధికారే. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో అణుబాంబు దెబ్బ తిని మరునాడు చనిపోయాడు. శవాన్ని సియోల్ తెచ్చి అంత్యక్రియలు చేసిన రోజు ఆగస్టు 15. జపాను ఓటమిని ఒప్పుకున్న రోజు, కొరియాకు విముక్తి వచ్చిన రోజు.

విముక్తి వచ్చింది కదా, యువరాజు ఇంటికి వెళ్లిపోవచ్చు అనుకుంటాం. వెళ్లలేకపోయాడు. 1947 మేలో జపాను కొత్త రాజ్యాంగంతో ఆయన హోదా పోయింది, పరాయిదేశస్థుల లెక్కలోకి చేరాడు. అటు కొరియాలో అధ్యక్షుడు సింగ్‌మన్ రీ. ఆయనా అదే రాజవంశపు ఒక శాఖకు చెందినవాడే. రాజకుటుంబం తిరిగొస్తే తన కుర్చీకి ఎసరనుకున్నాడో ఏమో, రానివ్వలేదు. రాజకుటుంబం ఆస్తులన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. టోక్యోలో ఆకసాకా దగ్గరున్న తన పెద్ద బంగళాను యీ ఉన్ అమ్ముకోవాల్సి వచ్చింది. కొన్నవాళ్లు దాన్ని 1955లో ఆకసాకా ప్రిన్స్ హోటల్‌గా మార్చారు. యువరాజుకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది.

రీ ప్రభుత్వం కూలి, పార్క్ చుంగ్‌హీ అధికారంలోకి వచ్చాక గానీ దారి తెరుచుకోలేదు. 1962 జనవరిలో దొక్‌హ్యే తిరిగి వచ్చింది. విమానాశ్రయంలో ముసలి దాది, పాత అంతఃపుర స్త్రీలు ఆమె కాళ్ల ముందు సాగిలపడ్డారు. యీ ఉన్ 1963 నవంబరు 22న వచ్చాడు. స్ట్రెచర్ మీద వచ్చాడు. దారి పొడవునా జనం నిలబడి చూస్తుండగా విమానాశ్రయం నుంచి తిన్నగా ఆసుపత్రికి తీసుకుపోయారు. పదేళ్ల వయసులో తీసుకుపోయిన బిడ్డను అరవయ్యారేళ్లకు తిరిగి ఇచ్చారు. తాను ఎక్కడికి వచ్చాడో ఆయనకు ఎంతవరకు తెలిసిందో ఎవరూ చెప్పలేని స్థితి. ఆరున్నరేళ్లు అలాగే గడిచి, 1970 మే 1న చాంగ్‌దొక్ కోటలోని నక్‌సొన్‌జే అనే ఇంట్లో కన్నుమూశాడు. వాళ్ల పెళ్లికి యాభై ఏళ్లు నిండి అప్పటికి మూడు రోజులే అయింది.

ఇక్కడినుంచి కథ మసాకోది. నాకు ఈ కుటుంబంలో అందరికంటే గొప్పగా కనిపించే మనిషి ఆవిడే. భర్త పోయాక ఆమె జపాను వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. పుట్టింటివాళ్లున్నారు, పుట్టిన భాష ఉంది. కొరియాలో ఆమెను శత్రుదేశపు మనిషిగా చూసేవాళ్లకు కొదవలేదు. అయినా ఆమె కదల్లేదు. కొరియా పౌరురాలిగానే, యీ బాంగ్‌జా అన్న పేరుతోనే బతికింది. చదువు రాని, మాట రాని, కాళ్లు లేని పిల్లల కోసం సంస్థలు పెట్టింది. వాటిలో ఒకటి మ్యోంగ్‌హ్వీవాన్, భర్త కలంపేరు మీద పెట్టింది. సూవాన్‌లో మానసిక ఎదుగుదల లేని పిల్లలకు బడి కట్టించింది. డబ్బెక్కడిది? రాగి రేకు మీద రంగుల గాజుపొడి పరిచి, కొలిమిలో కాల్చి, మెరుగుపెట్టి చేసే నగలూ పళ్లేలూ ఉంటాయి. ఆ పని నేర్చుకుని తన చేతులతో చేసి అమ్మింది. బొమ్మలు గీసి, అక్షరాలు రాసి అమ్మింది. రాణివాసపు దుస్తుల ప్రదర్శనలు విదేశాల్లో పెట్టి చందాలు తెచ్చింది. డెబ్భై దాటిన వయసులో కొలిమి ముందు కూర్చునేది. తనను తన దేశం రాజకీయానికి వాడుకుందన్న సంగతి ఆమెకు బాగా తెలుసు. దానికి ఆమె ఇచ్చిన జవాబు ఈ పని.

నక్‌సొన్‌జేలో వదినా ఆడబిడ్డా పక్కపక్కనే బతికారు. 1989 ఏప్రిల్ 21న దొక్‌హ్యే పోయింది. తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 30న, మసాకో పోయింది. కొరియా ప్రభుత్వం ఆమెకు మరణానంతరం పెద్ద పురస్కారమిచ్చి గౌరవించింది.

ఇక మిగిలింది గు. అమెరికాలో ఎంఐటీలో ఆర్కిటెక్చర్ చదివాడు, పేరున్న ఆర్కిటెక్టు ఐ. ఎం. పే దగ్గర పనిచేశాడు. జూలియా అనే అమెరికన్ అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. ఆ వంశంలో తన పెళ్లి తాను కుదుర్చుకున్నవాడు ఒకడు తేలాడు. ఆ సంతోషం నిలవలేదు. పిల్లలు కలగలేదని వంశపెద్దలు పట్టుబట్టారు, వ్యాపారాలు మునిగాయి, 1982లో విడాకులయ్యాయి. 2005 జులై 16న గు టోక్యోలో గుండె ఆగి చనిపోయాడు. చనిపోయింది ఆకసాకా ప్రిన్స్ హోటల్లో. ఒకప్పుడు తాను పుట్టి పెరిగిన ఇంటి ఆవరణ అది. సియోల్లో రాచమర్యాదలతో అంత్యక్రియలు జరిగాయి. జూలియాకు పిలుపు రాలేదు. ఆమె వీధిలో దూరంగా నిలబడి ఊరేగింపు చూసిందని పత్రికలు రాశాయి.

యీ ఉన్‌ను ద్రోహి అన్నవాళ్లూ ఉన్నారు, అమాయకుడన్నవాళ్లూ ఉన్నారు. పదేళ్ల బిడ్డగా ఆయన మీద నాకు జాలే. ముప్ఫై నలభై ఏళ్ల సైన్యాధికారిగా మాత్రం ఆయన్ని నేను సమర్థించలేను. పరాయి యూనిఫారం విప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఆ పెంపకంలో ఎంతమందికి ఉంటుందన్నది వేరే ప్రశ్న, కానీ ఆయన అన్నకు ఉందని మనం చూశాం. యువరాజు చేయలేకపోయిన సేవ ఆయన భార్య చేసింది. అదీ నా అభిప్రాయం.

శ్రోతల్లో చాలామంది పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ కొరియా వెళుతున్నారు. వాళ్లను చూడటానికి మీరు సియోల్ వెళితే, చాంగ్‌దొక్ కోటలో నక్‌సొన్‌జే తప్పకుండా చూడండి. మిగతా కోట చాలావరకు రంగురంగులుగా ఉంటుంది, ఆ ఇంటి కలపకు మాత్రం రంగు వేయలేదు. అక్కణ్ణుంచి గ్యోంగ్‌బోక్ కోట ఆవరణలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియానికి వెళ్లండి. 1922లో మసాకో ధరించిన ఆ నీలిపట్టు అంగీ, పసివాడు జిన్ దుస్తులు ఆ మ్యూజియం సొత్తు. చాలాకాలం అవి టోక్యో మ్యూజియంలో ఉండిపోయాయి. 1991లో జపాను ప్రభుత్వం వాటిని కొరియాకు తిరిగి ఇచ్చేసింది.